ఎకనామిక్సు చదువుకు కావలసిన లెక్కలు – ఇంట్లోనే ఉచితంగా దొరికే బడి

(వార్షిక సభలో విద్యార్థులను, తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



విద్యను గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు మమ్మల్ని కోరారు. విద్య గొప్పతనాన్ని ఈ వేదిక మీద పెద్దలు ఏటా చెబుతూనే ఉన్నారు. దానిని కాదనేవారు ఈ హాలులో ఒక్కరూ లేరు. కనుక మేము దాన్ని మళ్ళీ చెప్పబోము. చాలామంది పిల్లల దారికి అడ్డంగా ఉన్న ఒకే ఒక రాయిని చూపించి, అది అక్కడికి ఎట్లా వచ్చింది, పైసా ఖర్చు లేకుండా దానిని ఎట్లా తొలగించుకోవచ్చును అన్నది మాత్రమే చెప్పదలచుకున్నాము. ఆ రాయి పేరు ఎకనామిక్సులో లెక్కలు. మన ఇళ్ళలో అనేమాటలో చెప్పాలంటే, హిసాబు.

అడ్డు ఎక్కడ పడుతున్నది?

పదవ తరగతి కాగానే మన పిల్లల్లో చాలామంది ఇంటర్మీడియట్లో సి.ఇ.సి. గ్రూపో, హెచ్.ఇ.సి. గ్రూపో తీసుకుంటారు. "అమ్మయ్య, లెక్కల పీడ వదిలింది" అనుకుంటారు. తరువాత డిగ్రీలో ఎకనామిక్సు చదువుతారు. అది వారికి నచ్చుతుంది కూడా. నచ్చకేమండీ? ఉల్లిగడ్డ ధర ఎందుకు పెరిగింది, రూపాయి విలువ ఎందుకు తగ్గింది, ఒక ఊరు ఎందుకు బాగుపడింది, పక్క ఊరు ఎందుకు పడలేదు అని చెప్పే శాస్త్రమాయె. అయితే ఎం.ఏ. చేద్దాము, మంచి సంస్థలో చేద్దాము అని బయలుదేరినప్పుడు, పదవ తరగతిలో వదిలిపెట్టిన లెక్కలు గుమ్మం దగ్గర నిలబడి ఉంటాయి.

ఐ.ఐ.టి.లు నిర్వహించే జామ్ అనే పి.జి. ప్రవేశ పరీక్షలో 2021 నుంచి ఎకనామిక్సు ఒక పేపరుగా చేరింది. దాని పాఠ్యప్రణాళికలో గణితము, గణాంక శాస్త్రము విడి భాగాలుగానే ఉన్నాయి. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటులో ఎకనామిక్సు ఎం.ఎస్. కోర్సుకు రాసే పరీక్షలో గణితానికి ప్రత్యేకంగా ఒక పేపరే ఉన్నది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో బి.ఏ. ఆనర్సు ఎకనామిక్సులో చేరాలంటే ఉమ్మడి ప్రవేశ పరీక్షలో లెక్కలు రాయవలసిందే. ఎం.ఏ. అయిన తరువాత యు.పి.ఎస్.సి. వారి ఇండియన్ ఎకనామిక్ సర్వీసు పరీక్ష రాద్దామన్నా, అక్కడ కూడా గణిత పద్ధతుల మీద ప్రశ్నలు ఉంటాయి. అంటే, ఈ ఒక్క అడ్డు దాటలేకపోతే ఒక తలుపు కాదు, వరుసగా నాలుగు తలుపులు మూసుకుపోతాయన్నమాట.

కోచింగు ఉన్నది కదా అనవచ్చును. ఉన్నది. హైదరాబాదులో ఉన్నది, ఢిల్లీలో ఉన్నది. ఫీజు కట్టగలిగినవారికి, హాస్టలులో ఉంచగలిగినవారికి ఉన్నది. చిన్న పట్టణంలో, నాన్న మెకానిక్కు షెడ్డులో పనిచేసే ఇంట్లో, సాయంత్రం దాటితే బయటకు పంపని ఆడపిల్లకు లేదు. ఆ పిల్ల కోసమే ఈ ప్రసంగము.

ఎకనామిక్సుకు లెక్కలతో పనేమిటి?

కొందరు పిల్లలు దీనిని అన్యాయంగా భావిస్తారు. "మాటల్లో చెప్పగలిగిన దానికి ఈ గుర్తులెందుకు?" అంటారు. అడగవలసిన ప్రశ్నే.

ఫ్రాన్సులో కూర్నో అనే ఆయన 1838లోనే డిమాండును గణిత ప్రమేయంగా రాశారు. 1870ల్లో జెవన్స్, వాల్రా మొదలైనవారు ఉపాంత ప్రయోజనము అనే భావనతో ఈ శాస్త్రాన్ని తిరగరాశారు. మార్షలుగారు 1890లో తమ ప్రసిద్ధ గ్రంథాన్ని ప్రకటించినప్పుడు, మామూలు పాఠకులు బెదరకుండా లెక్కలన్నీ అడుగు సూచికల్లోనూ, అనుబంధంలోనూ పెట్టారు. మన డిగ్రీ పుస్తకాలు ఈనాటికీ అదే మర్యాద పాటిస్తున్నాయి. మనకు బొమ్మ చూపిస్తారు, బొమ్మ వెనుక లెక్కను దాచిపెడతారు. పి.జి.కి వెళ్ళేసరికి ఆ దాచినదంతా ఒక్కసారి బయటపెడతారు. అప్పుడు పిల్లలు ఇది వేరే సబ్జెక్టేమో అనుకుంటారు. వేరే కాదు, తమకు తెలిసినదే.

ఒక ఉదాహరణ చెబుతాము, కాగితం ఉన్నవారు రాసుకోండి. ఒక ఇంట్లో గుడ్డ సంచులు కుడుతున్నారు. మిషనుకు, గదికి రోజుకు అద్దె 200 రూపాయలు. ఒక్కొక్క సంచికి గుడ్డ, దారం 10 రూపాయలు. పని పెరిగేకొద్దీ ఓవర్‌టైము, కరెంటు, వృథా కలిసి అదనపు ఖర్చు పడుతుంది. అది సంచుల సంఖ్యను అదే సంఖ్యతో హెచ్చవేసినంత అనుకుందాము. 10 సంచులకు 200, 100, 100 – మొత్తం 400 రూపాయలు. 11 సంచులకు 200, 110, 121 – మొత్తం 431. పదకొండో సంచికి అదనంగా పడిన ఖర్చు 31 రూపాయలు. దీనినే మీరు పుస్తకంలో ఉపాంత వ్యయము అని చదువుకున్నారు.

ఇప్పుడు కలన గణితం ఏమంటుంది? సంచుల సంఖ్యను రెట్టింపు చేసి 10 కలపమంటుంది. పది సంచుల దగ్గర అది 30. 31 ఎక్కడ, 30 ఎక్కడ అంటారేమో! ఒక సంచి అనేది కొంచెం పెద్ద అడుగు. సగం సంచి, పావు సంచి, అందులో పావు – ఇట్లా అడుగు చిన్నది చేసుకుంటూ, ఒక్కొక్క అడుగుకు పడిన ఖర్చును సంచి లెక్కకు మార్చి చూస్తే, అది 30కి దగ్గరవుతూ పోతుంది. అవకలనం అంటే ఇంతే. అది ఉపాంత వ్యయానికి గణితంలో పెట్టిన పేరు.

సంచి 50 రూపాయలకు అమ్ముతున్నారు. రోజుకు ఎన్ని కుడితే లాభం? ఉపాంత వ్యయం 50కి సమానమయ్యే చోట ఆగాలి. రెట్టింపు చేసి 10 కలిపితే 50 కావాలంటే సంఖ్య 20. సరిచూద్దాము. 20 సంచులకు రాబడి 1000, ఖర్చు 800, లాభం 200. పందొమ్మిదికి లాభం 199. ఇరవై ఒకటికీ 199. అటు జరిగినా, ఇటు జరిగినా ఒక రూపాయి పోతుంది. ఈ మాట మాటల్లో చెప్పవచ్చును గాని, "ఇరవై" అని చెప్పాలంటే లెక్క కావలసిందే.

ఇంకొకటి. మన ఎకనామిక్సు పుస్తకాల్లో ప్రతి సూత్రం వెనుక "ఇతర పరిస్థితులు మారకుండా ఉంటే" అని ఉంటుంది. బట్టీపట్టి రాస్తాము. గణితంలో పాక్షిక అవకలనం అనేది అక్షరాలా ఆ మాటే. మిగతావాటిని కదలకుండా పట్టుకుని, ఒక్కదాన్నే కదిపి చూడడం. పరిమితమైన జీతంలో ఇల్లు ఎట్లా గడపాలి అన్న ప్రశ్నకు గణితం ఇచ్చిన పనిముట్టు లగ్రాంజ్ గుణకం. ఈ లెక్కను మన అమ్మలు నెల నెలా చేస్తూనే ఉన్నారు, పేరు తెలియకుండా.

ఈ విద్య మనకు పరాయిది కూడా కాదు. ఆల్జీబ్రా అన్న మాటే అరబ్బీ "అల్‌జబ్ర్" నుంచి వచ్చింది. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదులో అల్‌ఖ్వారిజ్మీ రాసిన ఆ గ్రంథంలో గణనీయమైన భాగం వారసత్వ పంపకాల లెక్కలకే సరిపోయింది. ఇంటి ఆస్తిని న్యాయంగా పంచవలసిన అవసరమూ ఆ శాస్త్రాన్ని పెంచింది. ఇక మన తెలుగువాడు సి.ఆర్. రావుగారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి, కలకత్తా స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటులో చేరి, 1945లో రాసిన ఒక్క వ్యాసంతో ప్రపంచ గణాంక శాస్త్రంలో నిలిచిపోయారు. ఎకనామిక్సు పి.జి. విద్యార్థులు ఆయన పేరు పాఠంలో చదువుతారు.

ఎన్ని లెక్కలు కావాలి?

భయం ఎక్కువ, లెక్కలు తక్కువ. లెక్కలన్నీ అక్కరలేదు. నాలుగు మెట్లు చాలు.

మొదటి మెట్టు బీజగణితం: సమీకరణాలు, గ్రాఫు, వాలు, ఘాతాలు, సంవర్గమానాలు, శ్రేఢులు. డిమాండు 100లో నుంచి ధరకు రెట్టింపు తీసివేసినంత, సప్లయి ధరకు 10 కలిపినంత అయితే సమతౌల్య ధర 30, పరిమాణం 40. ఇది పదవ తరగతి లెక్కే. గుణశ్రేఢి వస్తే కీన్సు గుణకం వచ్చినట్టే. వచ్చిన ప్రతి రూపాయిలో 80 పైసలు ఖర్చుపెట్టే సమాజంలో 100 రూపాయల పెట్టుబడి చివరకు 500 రూపాయల ఆదాయం ఎందుకవుతుందో అది చెబుతుంది. సంవర్గమానం వస్తే ఏటా 7 శాతం పెరిగే ఆదాయం సుమారు పదేళ్ళలో రెట్టింపు ఎందుకవుతుందో తెలుస్తుంది.

రెండవ మెట్టు కలన గణితం. ఒక చరరాశితో మొదలుపెట్టి, రెండు మూడు చరరాశుల దాకా, లగ్రాంజ్ గుణకం దాకా వెళ్ళాలి. ఇక్కడే ఎక్కువ కాలం గడపాలి. మూడవది మాత్రికలు, నిర్ధారకాలు. నాలుగవది సంభావ్యత, గణాంకాలు. ఇంతే.

ఎక్కడ దొరుకుతాయి?

సెల్‌ఫోనులో ఇంటర్నెట్టు ఉంటే అన్నీ దొరుకుతాయి. అయితే అన్నీ దొరకడమే పెద్ద చిక్కు. వంద పాఠాలు పైపైన చూసినవాడికన్నా ఒక పాఠం పూర్తి చేసినవాడు ముందుంటాడు. కనుక ఏ మెట్టుకు ఏది అన్నది వరుసగా చెబుతాము.

మొదటి మెట్టుకు మా సలహా, ముందు ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి 11, 12 తరగతుల లెక్కల పుస్తకాలు. వారి వెబ్‌సైటులో ఉచితంగా దింపుకోవచ్చును. పదవ తరగతి లెక్కలు కూడా మరచిపోయినవారు ఖాన్ అకాడమీలో మొదలుపెట్టండి. సల్మాన్ ఖాన్ అనే ఆయన అమెరికాలో ఉండి, 2004లో వేరే ఊళ్ళో ఉన్న చిన్నాన్న పెద్దనాన్న పిల్లల వంటి బంధువుల పిల్లకు ఫోనులో లెక్కలు చెప్పడంతో మొదలైన పని అది. 2008లో లాభాపేక్ష లేని సంస్థ అయింది. అందులో గొప్ప సుఖమేమిటంటే, పాఠం వెంటనే అభ్యాసం ఉంటుంది. తప్పు చేస్తే దారి చూపిస్తుంది. ఎన్నిసార్లు తప్పు చేసినా విసుక్కోదు, నలుగురిలో నవ్వదు.

రెండవ మెట్టుకు, అమెరికాలో టెక్సాసులోని లామార్ విశ్వవిద్యాలయం అధ్యాపకులు పాల్ డాకిన్స్ పెట్టిన ఆన్‌లైన్ నోట్సు. ఇవి వీడియోలు కావు, అచ్చు పుస్తకం వంటి పేజీలు. డేటా తక్కువ ఖర్చవుతుంది. లెక్కలకు పూర్తి జవాబులు మెట్టుమెట్టుగా ఉంటాయి. నెట్టు సరిగా అందని ఊళ్ళవారికి ఇంతకు మించినది మాకు కనబడలేదు. అవకలనం అంటే ఏమిటో కళ్ళకు కట్టాలంటే గ్రాంట్ శాండర్సన్ 'త్రీ బ్లూ వన్ బ్రౌన్' పేరుతో చేసిన కలన గణితం వీడియోలు చూడండి. అవి అర్థం కావడానికే గాని, లెక్క చేయడం వాటితో రాదు. ఈ తేడా గుర్తుంచుకోండి.

ఇంకా లోతు కావాలంటే ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయం 2001లో ప్రకటించి తమ పాఠాలన్నీ ప్రపంచానికి తెరిచిపెట్టింది. 18.01 ఒక చరరాశి కలనం, 18.02 అనేక చరరాశులది. మూడవ మెట్టుకు 18.06, గిల్బర్ట్ స్ట్రాంగ్ గారి మాత్రికల పాఠాలు. 2023లో పదవీ విరమణ చేసిన ఆ పెద్దాయన సుద్దముక్కతో నల్లబల్ల మీద చెప్పే తీరు మన పాత మాస్టార్లను గుర్తుకు తెస్తుంది. ప్రశ్నపత్రాలు, జవాబులు కూడా అక్కడే ఉన్నాయి.

మన దేశంలో ఐ.ఐ.టి.లు, బెంగళూరు ఐ.ఐ.ఎస్‌సి. కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్.పి.టి.ఇ.ఎల్. ఉన్నది, 2017లో వచ్చిన స్వయం ఉన్నది. పాఠం ఉచితం, సర్టిఫికెట్టు కావాలంటే పరీక్ష ఫీజు కట్టాలి. లెక్కనూ ఎకనామిక్సునూ ఒకచోట కలిపి చెప్పేవి ఇగ్నో వారి బి.ఇ.సి.సి. 102, 104 నంబర్ల పాఠ్యపుస్తకాలు. వారి ఈ-జ్ఞానకోశ్‌లో ఉచితంగా చదువుకోవచ్చును. నాలుగవ మెట్టుకు ఎన్.సి.ఇ.ఆర్.టి. 11వ తరగతి ఎకనామిక్సు గణాంకాల పుస్తకంతో మొదలుపెట్టి, మళ్ళీ ఖాన్ అకాడమీకి పోవచ్చును. గ్రాఫులు గీసి చూడడానికి జియోజీబ్రా అనే ఉచిత సాధనం ఉన్నది. పైన చెప్పిన సంచుల ఖర్చును అందులో గీసి, వాలు ఎట్లా మారుతుందో వేలితో జరిపి చూడండి.

ఇవి ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉన్నాయి. తెలుగు మీడియం పిల్లలు దీనికి జంకనక్కరలేదు. లెక్కల ఇంగ్లీషు చిన్నది. రెండు మూడు వందల మాటలతో సరిపోతుంది. ఒక నోటుబుక్కులో ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు మన తెలుగు అకాడమీ పుస్తకాల మాట రాసుకుంటూ పోతే రెండు నెలల్లో ఆ అడ్డు తొలగిపోతుంది.

ఎట్లా చదవాలి?

మా దగ్గరకు వచ్చిన ఒక విద్యార్థిని సంగతి చెబుతాము. బి.ఏ.లో ఎకనామిక్సు బాగా చదివిన పిల్ల. ప్రవేశ పరీక్ష పాత ప్రశ్నపత్రం చేతికిస్తే, రెండు పేజీలు తిప్పి, "సార్, ఇందులో ఎకనామిక్సు ఏది?" అని అడిగింది. ఇంట్లో ఫోను ఒకటే, అది అన్నగారిది. రాత్రి భోజనాల తరువాత గంటసేపు ఆమెకిచ్చేవారు. ఆ గంటలో పావుగంట పాఠం చూసేది, తక్కిన ముప్పావుగంటలో ప్రశ్నలు నోటుబుక్కులో దించుకునేది. మర్నాడంతా ఫోను లేకుండా కాగితం మీద చేసేది. రాత్రికి జవాబులు సరిచూసుకునేది. మొదటి ఏడు సీటు రాలేదు. రెండవ ఏడు వచ్చింది. ఫోను గంటే ఉండడం ఆమెకు నష్టం అనుకున్నాము గాని, పెన్సిలు పట్టే కాలం అందువల్లనే ఎక్కువ దొరికింది.

కనుక పిల్లలూ, చూడడం చదువు కాదు. ఒక వంతు చూడండి, మూడు వంతులు చేయండి. వీడియోలో చేసి చూపిస్తుంటే అంతా తెలిసినట్టే ఉంటుంది; ఆపి, కాగితం మీద మొదలుపెడితే గాని తెలిసిందో లేదో తేలదు. ప్రశ్న అడిగితే జవాబు రాసిచ్చే కృత్రిమ మేధ యంత్రాలు కూడా ఇప్పుడు వచ్చాయి. వాటిని మేము వద్దనము. ముందు అరగంట మీరు కష్టపడి, ఎక్కడ ఆగిపోయారో ఆ మెట్టు మాత్రమే అడగండి. అవి ధీమాగా తప్పులు కూడా చెబుతాయి. సరిచూసుకునే శక్తి మీకు లేకపోతే తప్పును కూడా అందంగా రాసుకుంటారు.

ఒంటరిగా చదవకండి. ముగ్గురు నలుగురు కలిసి వారానికి ఒకసారి కూర్చుని, ఒకరికొకరు బల్ల మీద చేసి చూపించండి. రోజుకు గంటన్నర చొప్పున చేస్తే మొదటి మెట్టుకు రెండు నెలలు, రెండవదానికి నాలుగు, మిగతా రెండింటికీ కలిపి మూడు – మొత్తం తొమ్మిది నెలలు. డిగ్రీ రెండవ సంవత్సరంలో మొదలుపెడితే తొందర ఉండదు. ఇంటర్లో లెక్కలు లేనివారిని చేర్చుకునే విషయంలో ఒక్కొక్క సంస్థది ఒక్కొక్క నియమం. దరఖాస్తుకు ముందే కాదు, చదువు మొదలుపెట్టకముందే అర్హత నిబంధనలు చదివి, ఏ తలుపు మీకు తెరిచి ఉన్నదో చూసుకోండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. మేము మిమ్మల్ని డబ్బు అడగడం లేదు. ఇంట్లో ఉన్న ఫోనును రోజుకు ఒక గంట, ఆడపిల్లకు కూడా, అడగకుండానే చేతికివ్వండి. ఆ గంటలో వంటింట్లోంచి పిలవకండి. "ఆడపిల్లకు హిసాబు ఎందుకు?" అనే మాట ఇంట్లో వినబడనీయకండి. ఇంటి జమాఖర్చులు చూసేది ఆమే, రేపు దేశం జమాఖర్చులు చూసే గదిలో కూడా ఆమెకు ఒక కుర్చీ ఉండాలి. మరి ఇంటర్లో చేరబోయే పిల్లలున్న తల్లిదండ్రులు, ఎకనామిక్సు మీద ఇష్టం ఉంటే సి.ఇ.సి.కి బదులు ఎం.ఇ.సి. సంగతి ఒక్కసారి ఆలోచించండి. లెక్కలూ ఎకనామిక్సూ రెండూ అందులో ఉన్నాయి.

ఒకప్పుడు మంచి మాస్టారు కావాలంటే మంచి ఊరికి పోవలసి వచ్చేది. ఈనాడు మాస్టారే మన ఇంటికి వచ్చి కూర్చున్నారు. ఎదురుగా నోటుబుక్కు తెరిచి కూర్చోవడం ఒక్కటే మన పని. ఈ వారంలోనే మొదలుపెట్టండి. సంచుల లెక్కను ఇంటికి పోయి మళ్ళీ ఒకసారి చేయండి. సంచి ధర 70 రూపాయలైతే రోజుకు ఎన్ని కుట్టాలో కనిపెట్టి, వచ్చే సమావేశంలో మాకు చెప్పండి.